తలుపులు వేసుకుని చేసేది సన్మానం ఎలా అవుతుంది?

ప్రశ్న ఇది: "సంప్రదాయవాద రేడియో వ్యాఖ్యాత రష్ లింబా కంచు విగ్రహాన్ని అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర క్యాపిటల్‌ (చట్టసభ భవనం)లోని 'హాల్ ఆఫ్ ఫేమస్ మిస్సోరియన్స్'లో పెట్టడం సరైనదేనా? ఇప్పుడు తీసెయ్యాలా?"

పెట్టకుండా ఉండాల్సింది. నేను సెయింట్ లూయిస్ దగ్గర చాలా ఏళ్లుగా ఉంటున్నాను, లింబా కార్యక్రమం ఏళ్ల తరబడి విన్నాను, ఆ విగ్రహాన్ని దగ్గర నుంచి చూశాను. తీసెయ్యాలా అన్నదానికి చివర్లో వస్తాను.

ముందు ఒక మాట. ఆ మనిషికి ప్రతిభ లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు, అచ్చమైన మిస్సోరి పల్లెటూరి మనిషి. కొంతకాలం ఇద్దరం ఒకే కారులో క్లయింట్ల దగ్గరికి తిరిగేవాళ్లం. పదకొండు కొట్టగానే ఆయన చెయ్యి రేడియో మీదికి వెళ్లేది. మూడు గంటలసేపు ఒక్కడే, అతిథులు పెద్దగా లేకుండా, చేతిలో కాగితాలు గలగలలాడిస్తూ మాట్లాడి జనాన్ని కూర్చోబెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. "రేడియోలో మా వాళ్లు మాట్లాడుకునేట్టు మాట్లాడినవాడు ఈయనే మొదటివాడు" అనేవాడు ఆ పెద్దాయన. ఆ మాట నేను నమ్ముతాను. 1987లో ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ ఎత్తేశారు. అంటే వివాదాస్పద విషయాల్లో రెండు వైపులా వినిపించాలన్న నిబంధన రేడియో స్టేషన్లకు లేకుండా పోయింది. ఆ మరుసటి ఏడాదే లింబా దేశమంతటా వినబడటం మొదలుపెట్టాడు. పడుకున్న ఏఎం రేడియో మళ్లీ లేచి కూర్చుంది. 1993లో నేషనల్ రేడియో హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన్ని చేర్చుకున్నారు. దానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. అది రేడియోవాళ్ల ఇల్లు, వాళ్ల వృత్తిలో గొప్పవాణ్ణి వాళ్లు గుర్తించుకున్నారు.

క్యాపిటల్ అలా కాదు. అది ఆ పెద్దాయనదీ నాదీ కూడా. ఆ రేడియో వింటే ఒళ్లు మండే మా పక్కింటావిడది కూడా.

2013లో నాన్నగారు మా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన్ని క్యాపిటల్ చూపించడానికి రాష్ట్ర రాజధాని జెఫర్సన్ సిటీ తీసుకెళ్లాను. మిస్సోరి నది ఒడ్డున, గట్టు మీద ఉంటుంది ఆ భవనం. నాన్నగారు పంచాయతీరాజ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ప్రభుత్వ భవనం అంటే ఆయనకు ప్రాణం. గుడికి వెళ్లినట్టు వెళ్తారు, గోడల మీద ఉన్న ప్రతి రాత చదువుతారు. అప్పటికే ఆయనకు పార్కిన్సన్స్. కుడిచెయ్యి వణికేది, నడక చిన్నచిన్న అడుగులుగా మారిపోయింది. లిఫ్టులో మూడో అంతస్తుకి వెళ్లాం. రాష్ట్ర చట్టసభలోని రెండు సభలు హౌస్‌కీ సెనేట్‌కీ మధ్య, గుమ్మటం చుట్టూ ఉన్న ఆ చోట కంచు తలలు వరసగా ఉంటాయి. మార్క్ ట్వైన్, హ్యారీ ట్రూమన్, వాల్ట్ డిస్నీ, స్కాట్ జాప్లిన్.

నాన్నగారు ఒక్కొక్క దాని ముందూ ఆగి, "ఈయనెవర్రా?" అని అడుగుతున్నారు. నేను చెబుతున్నాను. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ దగ్గర, "బానిసగా పుట్టి వ్యవసాయ శాస్త్రవేత్త అయ్యాడు నాన్నా, వేరుశనగ మీద ఎంతో పని చేశాడు" అన్నాను. నాన్నగారు వణికే చెయ్యినీ రెండో చెయ్యినీ కలిపి నమస్కారం పెట్టారు. డ్రెడ్ స్కాట్ దగ్గర, "తన స్వేచ్ఛ కోసం సెయింట్ లూయిస్ కోర్టులో దావా వేసిన బానిస. 1857లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు, కానీ ఆ తీర్పుతోనే దేశం అట్టుడికిపోయింది" అన్నాను. వాల్టర్ క్రాంకైట్ దగ్గర, "టీవీలో వార్తలు చదివేవాడు, ఈయన చెప్తే జనం నమ్మేవాళ్లు" అన్నాను. అన్నీ ఒకటి రెండు మాటల్లో అయిపోయాయి.

లింబా దగ్గరికి వచ్చాం. కళ్లకు ముందుగా పడింది విగ్రహం కాదు, దాని మీదికి గురిపెట్టి ఉన్న నిఘా కెమెరా. మిగతావాళ్లెవరికీ అలాంటి కాపలా లేదు. "ఈయనెవరు? ఈయనకేంటి కెమెరా?" అన్నారు నాన్నగారు.

నాకు ఒక్క వాక్యం దొరకలేదు. రేడియోలో మాట్లాడేవాడు అన్నాను. ఏం మాట్లాడేవాడు? రాజకీయాలు. మరి కెమెరా ఎందుకు? ఎవరైనా పాడు చేస్తారని. ఎందుకు పాడు చేస్తారు? అప్పుడిక మొత్తం చెప్పాల్సి వచ్చింది.

2012 ఫిబ్రవరి చివర్లో సాండ్రా ఫ్లూక్ అనే లా విద్యార్థిని, గర్భనిరోధక మాత్రలకు ఇన్సూరెన్స్ వర్తించాలని వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల ముందు మాట్లాడింది. లింబా తన కార్యక్రమంలో ఆ అమ్మాయిని వేశ్య అన్నాడు, అంతకంటే నీచమైన మాట కూడా అన్నాడు. ఒకసారి నోరు జారడం కూడా కాదు, వరసగా రోజుల తరబడి సాగింది. ప్రకటనదారులు ఒక్కొక్కరే జారుకున్నారు, ఆయన క్షమాపణ చెప్పాడు. సరిగ్గా ఆ వేడిలోనే మిస్సోరి హౌస్ స్పీకర్ స్టీవెన్ టిల్లీ ఆయన్ని హాల్‌కి ఎంపిక చేసిన సంగతి బయటికొచ్చింది. గొడవ మొదలైంది. నిరసనగా మహిళా సంఘాలవాళ్లు స్పీకర్ ఆఫీసుకి టాయిలెట్ పేపర్ రోల్స్ పంపించారు. "ఇది అందరూ ప్రేమించే మిస్సోరియన్ల హాల్ కాదు, ప్రసిద్ధ మిస్సోరియన్ల హాల్" అని స్పీకర్ సమాధానం.

ఆ మే నెలలో ఆవిష్కరణ జరిగింది. ఎలా జరిగిందో చూడండి. అరగంట ముందు కూడా చెప్పలేదు. హౌస్ సభా మందిరం తలుపులు వేసేశారు, బయట పోలీసులు నిలబడ్డారు, లోపల ఆహ్వానించిన రిపబ్లికన్లు. లింబా స్వయంగా వచ్చి మాట్లాడి వెళ్లాడు. మామూలు జనానికి లోపలికి ప్రవేశం లేదు. ఆ తర్వాత విగ్రహానికి కెమెరా.

ఇదంతా విని నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న లింబా గురించి కాదు.

"ఎవరు ఎన్నుకున్నార్రా ఈయన్ని?"

"స్పీకర్ గారు, నాన్నా."

"ఒక్కడేనా? తీర్మానం లేదా?"

"లేదు. అది స్పీకర్ ఇష్టం."

"ఊళ్లో కల్వర్టు వెయ్యాలన్నా తీర్మానం కావాలి కదరా" అన్నారు. చాలాసేపు అక్కడే నిలబడి ఆ కెమెరా వైపే చూశారు.

నా వాదన మొత్తం అందులో ఉంది. ఈ గొడవలో అందరూ లింబా మంచివాడా చెడ్డవాడా అని కొట్టుకున్నారు. అసలు తప్పు ఎంపిక పద్ధతిలో ఉంది. ఒక్క మనిషికి, అదీ పదవిలో కొన్నాళ్లుండి వెళ్లిపోయే మనిషికి, రాష్ట్రం తరఫున గౌరవం పంచే అధికారం ఇస్తే ఇలాగే అవుతుంది. విగ్రహానికి ప్రైవేటు విరాళాల డబ్బే కదా అంటారు. నిజమే. కానీ నిలబెట్టిన నేల ఎవరిది? కాపలా కాసిన పోలీసులు ఎవరివాళ్లు? బేస్‌బాల్ వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌ని చూడండి. ఆటగాడు రిటైరయ్యాక ఐదేళ్లు ఆగాలి, ఓటు వేసిన విలేకరుల్లో 75 శాతం మంది సరే అనాలి. ఒక ఆటకే అంత జాగ్రత్త ఉంటే, 60 లక్షల మంది ఉన్న రాష్ట్రానికి ఇంకెంత ఉండాలి? బతికి ఉండి, ఇంకా రోజూ మైకు ముందు కూర్చుని సగం రాష్ట్రాన్ని తిడుతున్న మనిషికి ఆ తొందర ఏమిటి?

ప్రసిద్ధి ఒక్కటే చాలన్న స్పీకర్ వాదన అదే భవనంలో నిలబడదు. మిస్సోరిలో పుట్టినవాళ్లలో జెస్సీ జేమ్స్ కంటే ప్రసిద్ధుడు ఎంతమంది ఉంటారు? రైళ్లు దోచినవాడు కాబట్టి ఆయనకు కంచు విగ్రహం లేదు. కానీ ఆయన ఆ భవనంలోనే ఉన్నాడు. అదే మూడో అంతస్తులో హౌస్ లాంజ్ అనే గది ఉంది, దాని గోడల నిండా థామస్ హార్ట్ బెంటన్ 1936లో వేసిన కుడ్యచిత్రం. రైలు దోపిడీ ఉంది అందులో. బానిసల మీద కొరడా ఉంది. కాన్సాస్ సిటీని గుప్పిట్లో పెట్టుకున్న రాజకీయ బాస్ టామ్ పెండర్‌గాస్ట్ కుర్చీలో దర్జాగా కూర్చుని ఉన్నాడు. అప్పటి చట్టసభ సభ్యులకు కోపం వచ్చింది, మా రాష్ట్రం పరువు తీశావన్నారు, సున్నం కొట్టించెయ్యాలన్నవాళ్లూ ఉన్నారు. బొమ్మ నిలిచింది. చరిత్రలో ఉన్నవాడు గోడ మీద ఉంటాడు, మంచివాడైనా చెడ్డవాడైనా. మెడ వరకు కంచులో పోత పోసి పీఠం ఎక్కించడం వేరే సంగతి. జెఫర్సన్ సిటీ వెళ్లేవాళ్లు విగ్రహాల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు, ఆ గది చూడరు. నాకు అది చాలా బాధగా ఉంటుంది. ఆ గదే ఆ భవనంలో అన్నింటికంటే నిజమైన చోటు.

ఇక నాకు లింబా మీద ఉన్న సొంత కోపం కూడా చెప్తాను, దాచుకోవడం ఎందుకు. అందరూ 2012 గురించే మాట్లాడతారు, నాకు 2006 గుర్తొస్తుంది. మిస్సోరి నుంచి అమెరికా సెనేట్‌కి జరిగిన ఎన్నికల్లో డెమొక్రాట్ అభ్యర్థి క్లేర్ మెకాస్కిల్ తరఫున నటుడు మైకేల్ జే. ఫాక్స్ ఒక ప్రకటనలో కనిపించాడు. స్టెమ్ సెల్ (మూలకణాల) పరిశోధనకు మద్దతివ్వమని అడిగాడు. ఆయనకు పార్కిన్సన్స్. ప్రకటనలో ఒళ్లంతా అటూ ఇటూ ఊగిపోతూ ఉంటుంది. లింబా ఏమన్నాడంటే, మందులు వేసుకోకుండా వచ్చి ఉంటాడు, లేకపోతే నటిస్తున్నాడు అని. అనడమే కాదు, స్టూడియో కెమెరా ముందు చేతులూ భుజాలూ ఊపి చూపించాడు.

ఆ జబ్బు ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుసు, అలా ఊగిపోవడం మందు మానేస్తే వచ్చేది కాదు. ఆ జబ్బుకిచ్చే లెవోడోపా అనే మందు ఏళ్ల తరబడి వాడగా వాడగా వచ్చేది. మందు పనిచేయనప్పుడు మనిషి బిగుసుకుపోతాడు. నాన్నగారికి మాత్ర వేళ దాటితే చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా అయ్యేది కాదు, వేళ్లు గుండీ దాకా వెళ్లి అక్కడే ఆగిపోయేవి. మాత్ర పట్టాక మెడా భుజమూ వాటంతట అవే మెలికలు తిరిగేవి. పెళ్లిళ్లకు వెళ్తే జనం చూసి "ఏంటి, పుచ్చుకున్నారా?" అన్నట్టు నవ్వుకునేవాళ్లు. అందుకే ఆయన పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారు. మందు కావాలని మానేసి జాలి కోసం నటిస్తున్నాడని దేశమంతా వినేలా చెప్పడం, తెలియక చేసిన తప్పుగా నేను తీసుకోలేను. చేతిలో మైకు ఉన్నవాడు ఒక డాక్టర్‌కి ఫోన్ చేస్తే చాలు. ఆ ఎన్నికలో మెకాస్కిల్ గెలిచింది, స్టెమ్ సెల్ పరిశోధనను కాపాడే రాష్ట్ర రాజ్యాంగ సవరణ కూడా అదే ఓటింగులో కొద్ది తేడాతో నెగ్గింది. అదొక్కటే నాకు ఊరట.

ఇది ఆ రోజు విగ్రహం ముందు నాన్నగారికి చెప్పలేదు.

రాజకీయ వ్యాఖ్యానం చేసేవాళ్ల మీద నాకు కోపం లేదు. గట్టిగా మాట్లాడొచ్చు, ఎగతాళి కూడా చెయ్యొచ్చు, అధికారంలో ఉన్నవాళ్లను ఎంతైనా అనొచ్చు. కానీ జబ్బుతో ఉన్నవాణ్ణి, పేరూ బలగమూ లేని ఒక విద్యార్థినినీ ఎంచుకుని వాళ్ల మీద పడటం ధైర్యం కాదు. దాన్ని ధైర్యంగా అమ్ముకునే వ్యాపారం ఆ తర్వాత రేడియో నుంచి టీవీకి, టీవీ నుంచి ఫోన్లకి పాకింది. అటు వాళ్లూ అదే చేస్తున్నారు, ఇటు వాళ్లూ అదే. రేపు ఇంకో స్పీకర్ అవతలి పక్షంలో నుంచి వస్తే, వాళ్ల నోటిదురుసు మనిషిని తెచ్చి పెడతాడు. అప్పుడు ఇవాళ చప్పట్లు కొట్టినవాళ్లు టాయిలెట్ పేపర్ పంపుతారు.

కొంత మార్పు రాకపోలేదు. టిల్లీ తర్వాత వచ్చిన స్పీకర్ టిమ్ జోన్స్ జనాన్నే పేర్లు సూచించమని, ఓట్లు వెయ్యమని అడిగాడు. అలా వచ్చినవాడే సైన్స్ ఫిక్షన్ రచయిత రాబర్ట్ హైన్‌లైన్. 2016లో ఆయన విగ్రహం పెట్టారు. హైన్‌లైన్ రాజకీయాలు కూడా అందరికీ నచ్చేవి కావు, అయినా తలుపులు వెయ్యాల్సిన అవసరం రాలేదు. జనం ఎన్నుకుంటే ఓడినవాళ్లు కూడా సర్దుకుంటారు. చాటుగా పెడితే గెలిచినవాళ్లకు కూడా గర్వంగా చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. మా ఆఫీసు పెద్దాయనకే ఆ ఆవిష్కరణ నచ్చలేదు. లింబా అంటే ప్రాణం పెట్టే మనిషి, "మమ్మల్ని కూడా పిలవలేదు" అన్నాడు. ఆయన బాధ న్యాయమైనదే.

ఇప్పుడు తీసెయ్యాలా? లింబా 2021లో చనిపోయాడు. రాత్రికి రాత్రి ఎవరో వచ్చి తీసేస్తే అది కూడా తలుపులు వేసుకుని చేసిన పనే అవుతుంది, నేను ఒప్పుకోను. హౌస్‌లో, సెనేట్‌లో బహిరంగంగా చర్చ పెట్టి ఓటు వెయ్యమనండి. మూడింట రెండు వంతులు సరే అంటే ఉంచండి, కెమెరా తీసెయ్యండి, అప్పుడు నేను నోరెత్తను. రాకపోతే ఆయన సొంత ఊరు కేప్ జిరార్డోకి పంపండి. అక్కడ ఫెడరల్ కోర్టు భవనానికి వాళ్ల తాతగారి పేరుంది, నూరేళ్లు దాటి బతికిన లాయరు, ఆ పేరు మీద గొడవ పడ్డవాళ్లు నాకు ఎప్పుడూ తారసపడలేదు. మిసిసిపీ ఒడ్డున వరద గోడ మీద మిస్సోరి ప్రముఖుల బొమ్మలు వేశారు, అందులో లింబా కూడా ఉన్నాడు. పోలీసూ లేడు, తలుపూ లేదు, నది చూడ్డానికి వచ్చినవాళ్లు చూసి పోతుంటారు.