క్యాన్సర్‌కు ఎముకల ఇంజెక్షన్ నడుస్తుండగా పన్ను కదిలితే పీకించవచ్చా?

డాక్టర్ సలహా
జవాబు ఇస్తున్నవారు: ముఖ, దవడ శస్త్రచికిత్స నిపుణులు, బెంగళూరు

ప్రశ్న: మాది అనంతపురం. మా అమ్మకు 61 ఏళ్లు, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో మా దగ్గరే ఉంటోంది. రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకడంతో లెట్రోజోల్, పాల్బోసిక్లిబ్ మాత్రలు వాడుతోంది. వాటితో పాటు నెలనెలా జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తున్నారు. 20 నెలలుగా ఇదే నడుస్తోంది. షుగర్ కూడా ఉంది. పైన తీసి పెట్టుకునే పళ్ల సెట్టు వాడుతుంది. పది రోజులుగా కింద కుడివైపు చివరి దవడపన్ను కదులుతోంది, నొప్పిగా ఉంటోంది, చిగురు మీద చీముపొక్కు లేచింది. దగ్గర్లోని డెంటల్ క్లినిక్‌లో తీసేద్దామన్నారు. ఇంజెక్షన్ సంగతి చెప్పగానే ఆగి, క్యాన్సర్ డాక్టర్‌ని అడిగి రమ్మన్నారు. అక్కడికి వెళ్తే పళ్ల డాక్టర్‌నే అడగమన్నారు. దవడ ఎముక కుళ్లిపోతుందని ఎక్కడో చదివి హడలిపోతున్నాం. ఇంజెక్షన్ ఆపేయాలా? మా అత్తగారు ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి ఇదే మందు తీసుకుంటారు. ఆవిడకూ ఈ ముప్పు ఉందా?

జవాబు: ఆ పన్నును హడావిడిగా పీకించకండి. అలాగని చీము ఉన్న పన్నును వదిలేసి కూర్చోనూ వద్దు. రెండు మూడు రోజుల్లో ముఖ, దవడ శస్త్రచికిత్స నిపుణుడికి, అంటే ఓరల్ సర్జన్‌కి చూపించాలి. ఇంజెక్షన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ముందు అత్యవసరం సంగతి. వాపు దవడ కిందికి, మెడకు దిగినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పాల్బోసిక్లిబ్ తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది. కాబట్టి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వచ్చినా అదే రోజు క్యాన్సర్ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించాలి. పంటి చీమే కదా, రేపు చూద్దాం అనుకోవద్దు.

ఇక అసలు విషయం. ఎముక నిత్యం అరుగుతూ, మళ్లీ పూడుతూ ఉంటుంది. పాతదాన్ని తొలిచే కణాలు వేరు, కొత్తది పేర్చే కణాలు వేరు. క్యాన్సర్ ఎముకలోకి చేరితే ఆ తొలిచే కణాలను రెచ్చగొట్టి ఎముకను గుల్ల చేస్తుంది. జోలెడ్రోనిక్ యాసిడ్ వాటిని అణిచేస్తుంది. దానివల్లే వెన్నుపూసలు కుంగిపోవడం, విరగడం, వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోవడం వంటి ప్రమాదాలు తగ్గుతాయి. అమ్మగారికి ఈ మందు చేస్తున్న మేలు చిన్నది కాదు.

దవడ దగ్గర మాత్రం ఇదే గుణం తిరగబడుతుంది. ఒంట్లో మరే ఎముకకూ లేని ఇబ్బంది దవడకుంది. పళ్లు ఎముకలోంచి నేరుగా బయటికి పొడుచుకొస్తాయి, పైన కప్పు పల్చటి చిగురు ఒక్కటే. నమలడం వల్ల రోజూ సూక్ష్మంగా దెబ్బతింటుంది, నోట్లోని బ్యాక్టీరియా ఎప్పుడూ పక్కనే ఉంటుంది. అందుకే ఇక్కడి ఎముక ఎక్కువగా మరమ్మతు చేసుకుంటూ ఉండాలి. మందు ఆ మరమ్మతును ఆపేస్తుంది. అలాంటి చోట చీము పట్టినా, పన్ను తీసిన గుంట మానకపోయినా లోపలి ఎముక చచ్చిపోయి బయటపడుతుంది. ఈ సమస్యను వైద్యపత్రికల్లో తొలిసారి రాసింది 2003లో. కింది దవడకే ఎక్కువగా వస్తుంది, నాలుగింట మూడొంతుల కేసులు దాదాపు అక్కడివే.

ఎంతమందికి వస్తుంది? జోలెడ్రోనిక్ యాసిడ్‌ను, అదే పనికి వాడే డెనోసుమాబ్‌ను పోల్చిన మూడు పెద్ద ట్రయల్స్‌లో 5,700 మందికి పైగా క్యాన్సర్ రోగులు ఉన్నారు. జోలెడ్రోనిక్ యాసిడ్ వాడినవాళ్లలో 1.3 శాతానికి, డెనోసుమాబ్ వాడినవాళ్లలో 1.8 శాతానికి దవడ సమస్య వచ్చింది. మందు వాడే కాలం పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుంది. షుగర్, పొగాకు, స్టెరాయిడ్లు, సరిగ్గా కూర్చోని పళ్ల సెట్టు దానికి తోడవుతాయి. ఆ సమస్య వచ్చినవాళ్లలో 60 శాతానికి పైగా అంతకుముందు పన్ను తీయించుకున్నవాళ్లే. 'పీకితేనే వస్తుంది' అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. కానీ ఆ పన్ను ఎందుకు తీయాల్సి వచ్చిందో కూడా చూడాలి. చాలామందికి అప్పటికే చీము పట్టి, చుట్టూ ఎముక తినేసి ఉంటుంది. అంటే పీకకముందే లోపల ఎముక చావడం మొదలై ఉండొచ్చు. అమ్మగారి పన్ను కదలడం కూడా మామూలు చిగుళ్ల జబ్బు వల్ల కావచ్చు, లేదా దవడ సమస్యకే మొదటి గుర్తు కావచ్చు. ఇది తేల్చకుండా పట్టకారు పెట్టకూడదు.

తేల్చేది ఇలా. ముందు దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే, ఆ పంటికి విడిగా చిన్న ఎక్స్‌రే తీస్తారు. అనుమానం ఉంటే సీబీసీటీ అనే స్కాన్. పన్ను చుట్టూ ఎముక ఎంత పోయింది, వేరు చివర చీము గూడు ఉందా, పాత గుంటలు పూడకుండా అలాగే ఉన్నాయా, ఎముకలో విడిపోతున్న ముక్క ఏమైనా ఉందా అని చూస్తారు. చీముపొక్కులోంచి సన్నటి పుల్ల పంపితే లోపల గట్టిగా ఎముక తగులుతోందా అన్నదీ ముఖ్యమే. దవడకు రేడియేషన్ ఇవ్వకుండా, క్యాన్సర్ దవడలోకి పాకకుండా, ఎముక బయటపడి గానీ పుల్లకు తగిలేలా గానీ 8 వారాలకు మించి ఉంటే అప్పుడే ఈ జబ్బని ఖాయం చేస్తారు.

అమ్మగారిని ఒక ప్రశ్న ఈరోజే అడగండి: కింది పెదవి కుడివైపు గానీ, గడ్డం గానీ మొద్దుబారినట్టు, తిమ్మిరెక్కినట్టు ఉందా? ఉంటే డాక్టర్‌కి అదే ముందు చెప్పండి. దవడ ఎముక దెబ్బతిన్నప్పుడు ఇలా అవుతుంది, రొమ్ము క్యాన్సర్ దవడలోకి పాకినప్పుడూ ఇలాగే అవుతుంది. రెండింటికీ వైద్యం పూర్తిగా వేరు.

ఇప్పుడు పన్ను సంగతి. కదలిక తక్కువగా ఉండి, సమస్య లోపలి నరం కుళ్లడం వల్లే అయితే రూట్ కెనాల్ చేసి పన్నును నిలబెట్టుకోవడమే మేలు. పరికరం వేరు చివర దాటి ఎముకలోకి పోకూడదు, పన్నుకు బిగించే క్లాంప్ చిగురును కోయకూడదు. ఈ రెండూ ముందే చెప్పాలి. పన్ను పైభాగం పూర్తిగా విరిగిపోయినా వేర్లు గట్టిగా ఉంటే, రూట్ కెనాల్ చేసి, పైభాగాన్ని చిగురు మట్టానికి అరగదీసి, వేర్లను అలాగే ఉంచేయొచ్చు. పన్ను బాగా ఊగిపోతుంటే మాత్రం ఈ ఉపాయం పనికిరాదు, వేరును పట్టి ఉంచే ఎముకే ఉండదు కాబట్టి.

పన్ను ఏ దిక్కునా వేలితోనే ఊగిపోయి, చుట్టూ ఎముక లేకుండా చీము కారుతుంటే దాన్ని ఉంచడమే ఎక్కువ ప్రమాదం. అప్పుడు తీయాల్సిందే. కానీ మామూలుగా తీసినట్టు కాదు. ముందు రోజుల్లో యాంటీబయాటిక్ మొదలుపెట్టి, చీము తగ్గించి, ఎముకను తక్కువగా కదిలించి తీయాలి. గుంట చుట్టూ మొనదేలిన అంచులను నున్నగా అరగదీయాలి. గుంటను తెరిచి వదలకుండా చిగురును జరిపి లాగుడు లేకుండా కుట్టు వేయాలి. ఒకేసారి నాలుగైదు పళ్లు తీయించే పని పెట్టుకోవద్దు. తరువాత పూర్తిగా మూసుకుందని నిర్ధారించేదాకా డాక్టర్ చూస్తూ ఉండాలి, రెండు నెలలైనా సరే. నొప్పి లేదు కదా అని కుట్లు విప్పాక చూపించడం మానేయడమే అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

మందుల విషయంలో రెండు జాగ్రత్తలు. పంటినొప్పికి మెడికల్ షాపులో చేతికిచ్చే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వద్దు. జోలెడ్రోనిక్ యాసిడ్ కిడ్నీల మీద భారం వేసే మందు, అందుకే ప్రతి డోసుకు ముందు క్రియాటినిన్ చూస్తారు. లివర్ బాగుంటే పారాసెటమాల్ చాలు. యాంటీబయాటిక్‌గా ఎక్కువగా అమాక్సిసిలిన్ రాస్తారు, పెనిసిలిన్ పడకపోతే ముందే చెప్పండి. క్లారిత్రోమైసిన్ మాత్రం రాయకూడదు, అది ఒంట్లో పాల్బోసిక్లిబ్ మోతాదును పెంచేస్తుంది. పాల్బోసిక్లిబ్ 21 రోజులు వేసి 7 రోజులు ఆపే మందు కాబట్టి, పన్ను తీయాల్సి వస్తే తెల్లకణాలు కోలుకున్న రోజు ఏదో రక్తపరీక్షతో క్యాన్సర్ డాక్టరే చెప్పాలి. మూడు నెలల షుగర్ సగటు కూడా అప్పుడే చూపించండి.

ఇంజెక్షన్ ఆపడం గురించి. ఈ మందు ఎముకకు అతుక్కుని ఏళ్ల తరబడి ఉంటుంది. ఒక నెల మానేస్తే దవడలోంచి పోదు. అయినా పన్ను తీస్తే గాయం మానేదాకా తరువాతి డోసును వాయిదా వేయడం చాలామంది డాక్టర్లు చేసే పనే. అది క్యాన్సర్ డాక్టర్ నిర్ణయం. ఇంకో మాట కూడా ఆయన్ని అడగండి. 1,822 మంది మీద జరిగి 2017లో ఫలితాలు వచ్చిన ట్రయల్‌లో, జోలెడ్రోనిక్ యాసిడ్‌ను 4 వారాలకు బదులు 12 వారాలకోసారి ఇచ్చినా ఎముకలకు రక్షణ తగ్గలేదని తేలింది. 20 నెలలైంది కాబట్టి అమ్మగారికి అలా మార్చవచ్చా అన్నది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

ఇద్దరు డాక్టర్ల మధ్య మీరు తిరగాల్సి వచ్చింది. మాటలు మోయకుండా ఒక కాగితం మోయండి. క్యాన్సర్ డాక్టర్ దగ్గర ఇవి రాయించుకోండి: మందు పేరు, మోతాదు, మొదటి డోసు తేదీ, చివరి డోసు తేదీ, తరువాతిది ఎప్పుడు, తాజా తెల్లకణాల లెక్క, క్రియాటినిన్, కాల్షియం, దవడకు రేడియేషన్ ఇచ్చారా లేదా. పళ్ల డాక్టర్ దాని కిందే తన నిర్ధారణ, చేయబోయే పని రాయాలి. ఇంజెక్షన్ బాటిల్ లేబుల్ ఫొటో తీసి పెట్టుకోండి. బ్రాండ్లు చాలా ఉన్నాయి, 'ఎముకల ఇంజెక్షన్' అంటే ఏదో ఎవరికీ అర్థం కాదు. మీ ఏరియా క్లినిక్‌లో ధైర్యం చేయకపోతే ఫోర్ట్ దగ్గర విక్టోరియా ఆసుపత్రి పక్కనున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీకో, మీకు దగ్గరలోని డెంటల్ కాలేజీలో ఓరల్ సర్జరీ విభాగానికో వెళ్లండి. ఫైలు మొత్తం తీసుకెళ్లండి, అనంతపురంలో తీయించిన పాత పళ్ల ఎక్స్‌రేలు ఉంటే అవి కూడా.

ఇంట్లో వారానికోసారి నోరు చూడటం నేర్చుకోండి. వెలుతురులో కూర్చోబెట్టి, సెట్టు తీయించి, చెంచా వెనకభాగంతో చెంపను పక్కకి జరిపి టార్చి వేయండి. తరువాత నాలుకను పక్కకి నొక్కి, కింది చివరి పన్ను లోపలివైపు, అంటే నాలుక ఆనే వైపు చూడండి. అక్కడ ఎముక గట్టులా ఉబికి, చిగురు కాగితమంత పల్చగా ఉంటుంది. ఎక్కువగా బయటపడేది అక్కడే, అద్దంలో ఎవరికి వారికి కనిపించని చోటూ అదే. పసుపు కలిసిన తెల్లటి, తుడిచినా పోని, గరుగ్గా తగిలే మచ్చ ఉంటే అది అన్నం మెతుకు కాదు, ఎముక. గోరుతోనో పుల్లతోనో గీకకండి. లవంగనూనె పోయకండి.

ఒకవేళ ఎముక బయటపడిందనే తేలినా దవడ మొత్తం పోతుందని అర్థం కాదు. నొప్పి, చీము లేకపోతే శుభ్రం, పుక్కిలింత, తరచూ చూపించుకోవడంతోనే చాలామందికి అదుపులో ఉంటుంది. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం ద్రావణం 10 మిల్లీలీటర్లు, రోజుకు రెండుసార్లు, నిమిషం పాటు. బ్రష్ చేసిన అరగంట తరువాత వాడితేనే పూర్తి గుణం, పేస్టు దాన్ని దెబ్బతీస్తుంది. పళ్లకు గోధుమరంగు పడుతుంది, తరువాత క్లీనింగ్‌లో పోతుంది. చీము ఉంటే యాంటీబయాటిక్ కలుస్తుంది. చచ్చిన ముక్క నెలల తరబడి నెమ్మదిగా విడివడితే దాన్ని తేలిగ్గా తీసేస్తారు. అలా కాకుండా పెరుగుతుంటే ఆపరేషన్ చేసి చచ్చిన భాగాన్ని తొలగించి చిగురు కప్పుతారు, తీసిన ముక్కను క్యాన్సర్ ఉందేమోనని బయాప్సీకి పంపుతారు. ఎముకలు గుల్లబారినవారికి వాడే టెరిపారటైడ్ దవడకు మంచిదని ఎవరైనా చెబితే అమ్మగారికి మాత్రం వద్దు, ఎముకల్లో క్యాన్సర్ ఉన్నవారికి అది ఇవ్వకూడదు.

పళ్ల సెట్టు రాత్రి తీసి నీళ్లలో వేయించండి. ఎక్కడ ఒరుసుకున్నా అదే వారం అరగదీయించండి. వక్కాకు, పొగాకు అలవాటు ఉంటే ఇప్పుడే ఆపించండి.

మీ అత్తగారి విషయం వేరు. ఆవిడ తీసుకునేది ఏడాదికి 5 మిల్లీగ్రాములు ఒకే ఒక్కసారి. అమ్మగారికి ఏడాదిలో పడేది దాదాపు పదింతలు. ఎముకలు గుల్లబారినందుకు ఈ రకం మందులు వాడేవారిలో దవడ సమస్య పది వేల మందిలో అయిదుగురికి లోపే కనిపిస్తుంది. తుంటి విరిగే ముప్పు ముందు ఇది చాలా చిన్నది. తరువాతి డోసుకు ముందు పళ్లు ఒకసారి చూపించి, తీయాల్సినవి ఉంటే తీయించి, గుంట మానాక డోసు వేయించుకుంటే సరిపోతుంది. ఆవిడకు ఎవరైనా ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్‌కు మారుద్దామంటే ఒకటి గుర్తుంచుకోండి: పళ్ల పని ఉందని ఆ ఇంజెక్షన్‌ను ఆరు నెలలు దాటించకూడదు, ఆలస్యమైతే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఒక్కసారిగా పెరుగుతుంది. పన్ను తీయాల్సి వస్తే డోసు పడిన మూడు నాలుగు నెలలకు తీయించాలి. తరువాతి డోసు నాటికి గాయం మానేందుకు సమయం ఉంటుంది.