మెషీన్ దగ్గర దిద్దే ప్రతి లైనూ పోస్టులో ఉండవలసిందే

ఫ్యూజన్ (డిజైన్ నుంచి మెషీన్‌కు ప్రోగ్రాము తీసే సాఫ్ట్‌వేర్) ఇచ్చే ప్రోగ్రాము మీ కొత్త వీఎంసీపై (కంప్యూటర్ నడిపే నిలువు మిల్లింగ్ మెషీన్‌పై) నేరుగా నడవడం లేదని, ప్రతిసారీ చేత్తో దిద్దుకోవలసి వస్తోందని, పోస్ట్ ప్రాసెసర్‌ను (సాఫ్ట్‌వేర్ లెక్కలను మీ మెషీన్‌కు అర్థమయ్యే కోడ్‌గా మార్చే ఫైలును, క్లుప్తంగా ‘పోస్టు’ను) ఎక్కడి నుంచి మార్చడం మొదలుపెట్టాలని అడిగారు.

జడ్చర్ల దగ్గర మాకు చిన్న మెషీన్ షాపు ఉంది. పోలేపల్లి వైపు మందుల కంపెనీల యంత్రాలకు స్టెయిన్‌లెస్ స్టీలు విడిభాగాలు చేస్తాం. మెషీన్‌ను నడిపే కంట్రోల్ ఫానుక్ కంపెనీది. మొదటి ఏడాది నేనూ ప్రతి ప్రోగ్రామునూ నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దేవాణ్ణి. పని ఒత్తిడిలో ఏదో ఒక రోజు ఒక లైను మరిచిపోతాం. ప్రమాదం ఆ రోజే.

ముందు పోస్టు ఫైలును తెరవకండి. మీ మెషీన్‌పై ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన ప్రోగ్రాము ఒకటి తీసుకోండి. అదే జాబుకు (తయారు చేసే భాగానికి) పోస్టు ఇచ్చినది పక్కన పెట్టి, తేడాలకు ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. మా దగ్గర దాదాపు అన్ని తేడాలూ మూడు చోట్లే కనిపించాయి: ప్రారంభం, టూల్ మార్పు, ముగింపు. ఆ తరువాత పోస్టుకు ఒక నకలు తీసి, ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి.

నేను చేసిన పెద్ద తప్పు టూల్ మార్పు దగ్గరే. జడ్ అక్షం హోముకు (మెషీన్ మూల స్థానానికి) వెళ్లాలని ‘జి91 జి28 జడ్0’ అనే లైనును ఉత్త అక్షరాలుగా పోస్టులో రాసేశాను. జి90 అంటే విలువలను సున్నా బిందువు నుంచి కొలవడం, జి91 అంటే ఉన్నచోటు నుంచి కొలవడం. ఈ రెండూ ఒకసారి ఇస్తే మార్చేదాకా అమలులో ఉండే (మోడల్, ‘modal’) కోడ్‌లు. ఏది అమల్లో ఉందో పోస్టు తన లెక్కలో గుర్తుపెట్టుకుంటుంది. నేను రాసిన జి91 ఆ లెక్కలోకి చేరలేదు. జి90 ఇంకా అమల్లోనే ఉందనుకుని పోస్టు దాన్ని మళ్లీ ఇవ్వలేదు. రెండో టూలుకు ఎక్స్, వై విలువలను మెషీన్ ఉన్నచోటు నుంచి దూరాలుగా తీసుకుంది. సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో లైను చొప్పున), ర్యాపిడ్ (కోత లేని కదలికల వేగం) తగ్గించి నడుపుతున్నాను కాబట్టి టేబుల్ ఎదురు వైపు కదలడం చూసి ఫీడ్ హోల్డ్ (కదలికను ఆపే బటన్) నొక్కగలిగాను. జాబు దక్కింది. అప్పటి నుంచి ఏ కోడ్‌నూ ఉత్త అక్షరాలుగా రాయను. పోస్టులో ఉన్న ‘రైట్‌బ్లాక్’ (ఒక లైను రాసే ఫంక్షన్) ద్వారా, ఏ కోడ్ అమల్లో ఉందో గుర్తుపెట్టుకునే దాని సొంత మోడల్ (modal) ఫార్మాట్‌తో జి91 ఇచ్చి, వెంటనే తరువాతి లైనులో జి90 ఇస్తాను.

దశాంశ బిందువు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఫానుక్‌లో 3401 పారామీటర్ అమరికను బట్టి, బిందువు లేని ఎక్స్50ని 50 మిల్లీమీటర్లుగా కాక 50 మైక్రాన్లుగా చదవవచ్చు. అందుకే అక్షాల ఫార్మాట్‌లో ‘ఫోర్స్‌డెసిమల్’ (బిందువు తప్పక రాయించే అమరిక) పెట్టండి. కానీ జి04లో (కాసేపు ఆగమనే కోడ్‌లో) పి విలువకు అది వద్దు. పి మిల్లీసెకన్లలో ఉంటుంది, బిందువు పెడితే 007 అలారం (బిందువు తప్పుగా వాడారనే హెచ్చరిక) వస్తుంది.

చిన్న ఆర్క్‌ల (వృత్తపు ముక్కల) దగ్గర 020 అలారం వస్తుంటే, మూడు దశాంశ స్థానాలకు సవరించడంలో ప్రారంభ, ముగింపు బిందువుల వ్యాసార్థాలు సరిపోవడం లేదేమో చూడండి. పోస్టులో కనిష్ఠ వ్యాసార్థాన్ని కొంచెం పెంచితే అలాంటి ఆర్క్‌లు సరళరేఖలుగా వస్తాయి. ఆర్ (వ్యాసార్థం) విలువతో పూర్తి వృత్తం ఇవ్వలేం. దానికి ఐ, జె (ప్రారంభ బిందువు నుంచి కేంద్రానికి దూరాలు) వాడండి.

ప్రతి మార్పు తరువాత నేను ఒకే పరీక్ష జాబుకు కోడ్ తీస్తాను: ఒక పాకెట్ (లోపలికి చెక్కిన గుంట), ఒక పూర్తి వృత్తం, మూడు రంధ్రాలు, రెండు టూళ్లు. పాత కోడ్‌తో పోల్చి, నేను కోరిన లైను తప్ప మరేదీ మారలేదని తేలాకే, జాబు లేని టేబుల్‌పై జడ్‌ను 100 మిల్లీమీటర్లు ఎత్తి నడుపుతాను. ఎందుకు మార్చానో తేదీతో సహా పోస్టు ఫైలు మొదట్లోనే వ్యాఖ్యగా రాసిపెడతాను.

మీ కంట్రోల్ మోడల్, ప్రోగ్రాములో మొదటి 20 లైన్లు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.