మూర్ఛ వచ్చిన డ్రైవర్‌ను బోర్డు ‘అన్‌ఫిట్’ అంటే ఉద్యోగం పోయినట్టేనా?

ప్రశ్న: ఆర్టీసీలో 17 ఏళ్లుగా బస్సు డ్రైవర్‌ని. ఈ ఏడాదిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. అంతకుముందు నుంచే యాంగ్జైటీకి మందులు వాడుతున్నాను. వచ్చే నెల మెడికల్ బోర్డుకు రమ్మన్నారు. అన్‌ఫిట్ అంటే ఇంటికి పంపేస్తారా? మానసిక వైద్యం సంగతి దాచమని తోటివాళ్లు అంటున్నారు. దాచాలా?

జవాబు: దాచకండి. యాంగ్జైటీకి ఇచ్చే ఆల్‌ప్రజోలం, క్లోనజెపాం లాంటి మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. మూర్ఛకిచ్చే లెవెటిరాసెటాం కొందరిలో ఆందోళన పెంచుతుంది. ఈ చరిత్ర తెలియకపోతే బోర్డు తప్పుడు నిర్ణయానికి రావచ్చు. బోర్డు ముందుకు వెళ్లే రోజు కోసం మందులు మానడం మరీ ప్రమాదం.

ఇక బస్సు నడపడం గురించి ఆశ పెట్టుకోకండి. ప్రయాణికుల ప్రాణాలతో ముడిపడిన పని అది. లైసెన్సు దరఖాస్తు ఫారం 1లోనే మూర్ఛ ఉందా అని అడుగుతారు. అయితే డ్రైవింగ్ పోవడం వేరు, ఉద్యోగం పోవడం వేరు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 20(4) ప్రకారం, సర్వీసులో వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. అదే వేతన స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి. పోస్టు లేకపోతే ఖాళీ వచ్చేదాకా, లేదా రిటైరయ్యేదాకా సూపర్‌న్యూమరరీ (మంజూరైన సంఖ్యకు అదనంగా సృష్టించే) పోస్టులో ఉంచవచ్చు.

చిక్కు ఎక్కడంటే, మూర్ఛ పేరు ఆ చట్టం జాబితాలో విడిగా లేదు. ‘దీర్ఘకాలిక నాడీ సంబంధ సమస్యలు’ అన్న పద్దు కింద వాదించాలి. తేలికపాటి యాంగ్జైటీ ఒక్కటే అయితే ‘మానసిక రుగ్మత’ నిర్వచనంలో ఇమడకపోవచ్చు. అయినా వర్ణాంధత్వం (కొన్ని రంగులను గుర్తించలేకపోవడం) వల్ల అన్‌ఫిట్ అయిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ కేసులో 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని ఆదేశించింది. వేరే పని ఉందేమో చూడకుండా పంపేయడాన్ని తప్పుపట్టింది. మీ కేసులో ఈ తీర్పు ఉపయోగపడవచ్చు.

కాబట్టి బోర్డు రాసే వాక్యమే మీకు కీలకం. ఊరికే ‘అన్‌ఫిట్’ అని కాకుండా ‘డ్రైవింగ్‌కు అన్‌ఫిట్, ఫలానా పనులకు ఫిట్’ అని రాయమని హాజరయ్యే ముందే లిఖితపూర్వకంగా కోరి, రసీదు తీసుకోండి. బోర్డులో న్యూరాలజిస్టు, సైకియాట్రిస్టు ఇద్దరూ ఉండాలని అందులోనే అడగండి. తీవ్రమైన ప్యానిక్ అటాక్‌ను మూర్ఛగా, మూర్ఛను ప్యానిక్‌గా పొరబడటం జరుగుతుంది.

డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్ఐ, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), అన్ని మందుల చీటీలు తీసుకెళ్లండి. ఫిట్స్ వచ్చిన తేదీ, సమయం, ఎంతసేపు ఉంది, నాలుక కొరుక్కున్నారా, తర్వాత మగత ఉందా అన్నవి ఒక కాగితంపై రాయండి. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే ఇంకా మేలు. ఫిట్స్ లేని సమయంలో తీసిన ఈఈజీ చాలామందికి నార్మల్‌గానే వస్తుంది. దాన్నిబట్టి జబ్బే లేదని రాస్తే, మీకు వైద్యం చేసిన న్యూరాలజిస్టు అభిప్రాయం జతచేసి పునఃపరీక్ష కోరండి.

రిపోర్టు నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘స్వచ్ఛంద’ పదవీ విరమణ కాగితంపై మాత్రం సంతకం పెట్టకండి. పెట్టాక సెక్షన్ 20(4) వాదన బలహీనపడుతుంది. తొలగింపు ఉత్తర్వు వస్తే, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ వేసే దారీ ఉంది. ఆలస్యం మాత్రం చేయకండి.