ఛార్జ్ లేని న్యూట్రాన్ స్పిన్‌ను అయస్కాంత క్షేత్రంతో ఎలా తిప్పుతారు?

న్యూట్రాన్‌కు ఛార్జ్ లేకపోయినా అయస్కాంత భ్రామకం ఉంది, అంటే అది బుల్లి అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. స్పిన్ ఫ్లిప్పర్ అనే కాయిల్ దాన్ని ఆసరా చేసుకుని స్పిన్‌ను (న్యూట్రాన్‌కు సహజంగా ఉండే, ఒక దిశ గల భ్రమణ గుణాన్ని) తలకిందులు చేస్తుంది. స్పిన్‌కు అడ్డంగా క్షేత్రం పెడితే స్పిన్ దాని చుట్టూ తిరుగుతుంది, ఒక టెస్లా దగ్గర సెకనుకు సుమారు 2.92 కోట్ల చుట్లు. సరిగ్గా అర చుట్టు పూర్తయ్యేసరికి న్యూట్రాన్ కాయిల్ దాటేయాలి. కిటుకంతా అక్కడే ఉంది.

ఉదాహరణకు 4 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం ఉన్న న్యూట్రాన్ వేగం సెకనుకు దాదాపు 990 మీటర్లు. సెంటీమీటరు మందం కాయిల్ దాటడానికి దానికి పట్టేది 10 మైక్రోసెకన్లు, కాబట్టి 17 గాస్, అంటే 0.0017 టెస్లా క్షేత్రం చాలు (ఇంతేనా అనిపిస్తుంది). వేగం మారితే క్షేత్రాన్నిచ్చే కాయిల్ కరెంటూ మార్చాల్సిందే.

విజయవాడలో ఇంటర్ పిల్లలను అడిగినా, క్యూవీబీ (ఛార్జ్ × వేగం × క్షేత్రం) అనే బలం సూత్రంలో క్యూ, అంటే ఛార్జ్, సున్నా కాబట్టి అయస్కాంతం పనిచేయదనేస్తారు. ఆ సూత్రం ఛార్జ్ ఉన్న కణం దారిని వంచే బలానిది. ఫ్లిప్పర్‌లో న్యూట్రాన్ తిన్నగానే పోతుంది, తిరిగేది స్పిన్ ఒక్కటే.