చిన్నప్పుడే ఒకే దారి పట్టాలా, నాలుగూ నేర్చుకోవాలా?

అది రంగాన్ని బట్టి ఉంటుంది. చదరంగంలో నియమాలు మారవు, తప్పు ఎత్తు వేస్తే ఆ ఆటలోనే తెలిసిపోతుంది. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారంటే పసితనం నుంచీ బోర్డు ముందు కూర్చోబట్టే.

సైన్సు అలా కాదు. శాస్త్రవేత్త వెంకీ రామకృష్ణన్ 1976లో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ పూర్తిచేశాక, మనసు బయాలజీ మీదికి పోయి, మళ్లీ విద్యార్థిగా చేరారు. తర్వాత పట్టుకున్నది రైబోజోమ్‌ని, అంటే కణంలో ప్రోటీన్లు తయారుచేసే భాగాన్ని. దాని స్ఫటికాల మీదికి ఎక్స్‌రేలు పంపి, అవి చెదిరిన తీరును లెక్కగట్టి, ఏ పరమాణువు ఎక్కడుందో తేల్చాలి. ప్రశ్న బయాలజీది, పనిముట్లు ఫిజిక్స్‌వి. 2009లో నోబెల్ వచ్చింది, అదీ కెమిస్ట్రీలో!

మన దగ్గరేమో ఎక్కువమందికి పదో తరగతి కాగానే ఎంపీసీ అంటే బయాలజీకి, బైపీసీ అంటే లెక్కలకి సెలవు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అంటే నాకైతే మరీ తొందరే అనిపిస్తుంది. అలాగని అన్నీ పైపైన తడిమితే పని జరగదు. రామకృష్ణన్ కూడా రైబోజోమ్ మీదే దశాబ్దాలు కూర్చున్నారు. ఇంటర్ పిల్లలు వదిలేసిన సబ్జెక్టును ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలతోనైనా చదువుకోవచ్చు, అవి ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.