ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాక క్లైంబ్‌లో సిలిండర్ హెడ్‌లు వేడెక్కుతుంటే టైమింగ్‌లో ఏం చూడాలి?

మీ ఆర్‌వీ-7 (కిట్ నుంచి కట్టుకునే చిన్న విమానం)లో 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-360 ఇంజన్ ఉందని, ఒక మాగ్నెటో (బ్యాటరీ లేకుండానే స్పార్క్ పుట్టించే పరికరం) తీసేసి దాని చోట మానిఫోల్డ్ ప్రెషర్‌ను, అంటే సిలిండర్లలోకి వెళ్లే గాలి పీడనాన్ని బట్టి టైమింగ్ మార్చుకునే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చారని, క్రూయిజ్‌లో ఇంధనం ఆదా అవుతున్నా టేకాఫ్ తరువాత సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రతలు 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిపోతున్నాయని రాశారు. బేస్ టైమింగ్‌ను, అంటే పిస్టన్ పైకొసకు చేరడానికి ఎంత ముందు స్పార్క్ పడాలో చెప్పే మూల కోణాన్ని, 25 డిగ్రీల నుంచి 22కి తగ్గించమని మీకు ఎవరో చెప్పిన సలహా సరైనదేనా అన్నది మీ ప్రశ్న. టెక్సస్‌లో చిన్న విమానాల మెకానిక్‌గా ఈ తరహా ఇంజన్ల మీద పని చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, బేస్ టైమింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందుగా ఇంజన్ నుంచి ఇగ్నిషన్ సెన్సర్‌కు వెళ్లే మానిఫోల్డ్ ప్రెషర్ గొట్టాన్ని చూడండి.

ఎందుకో వివరిస్తాను. 2500 ఆర్‌పీఎం వద్ద క్రాంక్ షాఫ్ట్ సెకనుకు 15,000 డిగ్రీలు తిరుగుతుంది కనుక, 25 డిగ్రీలంటే సెకనులో 600వ వంతు మాత్రమే. పూర్తి థ్రాటిల్‌లో సిలిండర్ నిండా మిశ్రమం ఉన్నప్పుడు మంట వేగంగా పాకుతుంది కాబట్టి ఆ వ్యవధి సరిపోతుంది. పైకి వెళ్లి థ్రాటిల్ తగ్గించి, మిక్స్చర్ లీన్ చేసినప్పుడు (ఇంధనం పాలు తగ్గించినప్పుడు) మంట నెమ్మదిస్తుంది, అప్పుడు స్పార్క్ ఇంకా ముందుగా పడితేనే ఆ పీడనం పిస్టన్‌కు ఉపయోగపడుతుంది. అంబాసిడర్ కారు డిస్ట్రిబ్యూటర్‌కు కూడా ఉన్న ఈ వాక్యూమ్ అడ్వాన్స్ సౌకర్యం, విమానాల మాగ్నెటోలకు మాత్రం లేదు. అవి టేకాఫ్‌లోనూ క్రూయిజ్‌లోనూ ఒకే కోణం వద్ద స్పార్క్ ఇస్తాయి. అందువల్ల ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ టైమింగ్ మార్చడం వల్ల కలిగే లాభం ప్రధానంగా తక్కువ మానిఫోల్డ్ ప్రెషర్ దగ్గరే ఉంటుంది. పూర్తి పవర్‌లో అది ఇంజన్ డేటా ప్లేట్ (ఇంజన్ మీది వివరాల రేకు) మీద ఉన్న కోణానికే రావాలి. మీ క్లైంబ్‌లో వేడి అంతగా పెరుగుతోందంటే, బహుశా ఆ సమయంలో యూనిట్ క్రూయిజ్‌కు తగిన అడ్వాన్స్ ఇస్తోందన్న మాట.

అలా జరగడానికి గొట్టం ఎలా కారణమవుతుందో చూడండి. గొట్టం ఊడిపోయినా, చిల్లుపడినా సెన్సర్‌కు బయటి గాలి పీడనం అందుతుంది. నేల దగ్గర అది దాదాపు 30 అంగుళాలు (పాదరస మట్టం లెక్కలో) కనుక, యూనిట్ పూర్తి పవర్ అనుకొని అడ్వాన్స్ ఇవ్వదు. పనితీరు తగ్గుతుందేమో కానీ ఇంజన్‌కు హాని లేదు. గొట్టం మూసుకుపోతేనే ప్రమాదం. టాక్సీ చేసేటప్పుడు ఐడిల్‌లో ఉండే 10, 12 అంగుళాల పీడనం లోపలే చిక్కుకుపోతుంది, థ్రాటిల్ పూర్తిగా తోసినా యూనిట్‌కు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, అసలు తెలియకపోవచ్చు కూడా. ఇలాంటి ఫిర్యాదుతోనే మా హ్యాంగర్‌కు వచ్చిన ఒక ఓ-360లో, ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) దగ్గర గొట్టాన్ని జిప్ టైతో బిగించిన చోట వేడికి మెత్తబడి నొక్కుకుపోయి ఉంది. దాని కింద వేలాడిన వంపులో 100 ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోలు తాలూకు నీలి మరక స్పష్టంగా కనిపించింది. ఆ వంపులో నిలిచిన పెట్రోలు, ఆ నొక్కు కలిసి దారిని మూసేశాయి. గొట్టం మార్చి, ఎక్కడా వంపు లేకుండా ఇంజన్ వైపుకు వాలు ఉండేలా వేశాక క్లైంబ్ ఉష్ణోగ్రతలు మామూలు స్థాయికి వచ్చాయి. మీ ఈఎఫ్‌ఐఎస్‌ (కాక్‌పిట్‌లోని డిజిటల్ తెర)లో మానిఫోల్డ్ ప్రెషర్ సరిగ్గానే కనిపిస్తోందని నిశ్చింతగా ఉండకండి. గొట్టం రెండుగా చీలే టీ-జాయింట్ తరువాత ఇగ్నిషన్‌కు వెళ్లే భాగం వేరు, లోపం అందులోనే ఉండవచ్చు.

గొట్టం బాగానే ఉంటే అప్పుడు బేస్ టైమింగ్ సరిచూడండి, కానీ గుర్తుల మీదే పూర్తిగా ఆధారపడకండి. రెండు ఇగ్నిషన్లూ ఆఫ్ చేసి, చక్రాలకు అడ్డు పెట్టి, పై స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేయండి. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించి, ప్రొపెల్లర్‌ను రెండు వైపులా నెమ్మదిగా తిప్పుతూ అది ఆగిన రెండు చోట్లా గుర్తు పెడితే, ఆ రెంటికీ సరిగ్గా నడుమ ఉన్నదే అసలైన టాప్ డెడ్ సెంటర్ (పిస్టన్ పైకొసన ఉండే స్థానం). స్టార్టర్ మీది చిన్న రంధ్రానికి ఎదురుగా రింగ్ గేర్ మీది గుర్తు అప్పుడు నిలిస్తే గుర్తులను నమ్మవచ్చు. డేటా ప్లేట్‌ను కూడా మరొకసారి చదవండి, ఎందుకంటే కొన్ని 200 హార్స్‌పవర్ ఐఓ-360ల మీద 20 డిగ్రీలని ఉంటుంది.

రన్-అప్‌లో (టేకాఫ్‌కు ముందు చేసే ఇంజన్ పరీక్షలో) మాగ్నెటో మీద ఒంటరిగా నడిపినప్పుడు ఆర్‌పీఎం బాగా పడిపోయి, ఎలక్ట్రానిక్ వైపు దాదాపు పడకపోవడం మీ ఏర్పాటులో సహజమే. రెండు డ్రాప్‌ల మధ్య 50 ఆర్‌పీఎంకు మించి తేడా ఉండకూడదన్న నియమం, ఒకే కోణంలో పని చేసే రెండు మాగ్నెటోల కోసం పెట్టింది. క్రూయిజ్‌లో ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత కొంత తగ్గి, హెడ్ ఉష్ణోగ్రత కొంత పెరగడం కూడా అడ్వాన్స్ ఫలితమే.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలితే తరువాత చూడవలసింది బ్యాఫిల్ సీళ్లు (చల్లగాలి సిలిండర్ల మీదుగానే పోయేలా చేసే అంచులు), పూర్తి థ్రాటిల్‌లో ఫ్యూయల్ ఫ్లో. వాటిలోనూ లోపం లేదని నిర్ధారించుకున్నాక, మీ యూనిట్‌లో గరిష్ఠ అడ్వాన్స్‌ను తగ్గించే సెట్టింగ్ ఉంటే దానిని వాడండి. బేస్‌ను 22కి దించితే క్లైంబ్‌లో కొంత చల్లబడే మాట నిజమే కానీ, గొట్టం మూసుకుపోయి ఉంటే డిటోనేషన్ (సిలిండర్‌లో మిశ్రమం ఒక్కసారిగా పేలడం) ముప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది.