ఊరూరా తిరిగి అడిగావు, ఇంట్లో అడిగావా?

ప్రశ్న: నాకు ముప్పై ఒకటి. హైదరాబాద్‌లో కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో పీహెచ్‌డీ, ఐదో ఏడు. సంధి కలిసిపోయిన తెలుగు మాటల్ని కంప్యూటర్ చేత విడగొట్టించడం నా పని. ఆదివారాలు చేనేత ఊళ్లు తిరిగి మగ్గం మాటలు రికార్డు చేస్తుంటాను, అదో సరదా. థీసిస్ ఆలస్యమవుతోందని గైడ్ అంటున్నారు. నాన్న నేత పనే చేస్తారు. నా చదువు ఆయనకు అర్థం కాదు, ఎవరైనా అడిగితే ‘కంప్యూటర్‌లో ఏదో’ అంటారు. నా సరదా మానేయాలా?

జవాబు: మానక్కర్లేదు బాబూ. ఆదివారం ఒక్కటీ మింగేస్తే ఆగిపోయే థీసిస్ ఉండదు. మిగతా ఆరు రోజుల లెక్క చూసుకో, గైడ్‌కి ఒక తేదీ చెప్పి ఆ తేదీకి ఒక అధ్యాయం చేతిలో పెట్టు. అంతే.

నాకు గుచ్చుకున్నది ‘అర్థం కాదు’ అన్న నీ మాట. పొరుగూళ్లో పెద్దాయన గుంట మగ్గం పక్కన చతికిలబడి పడుగు, పేక, నాడె, కండె అని ఒక్కో మాటా అడిగి రాసుకున్నవాడివి, మీ ఇంటి మగ్గం దగ్గర ఎన్నిసార్లు కూర్చున్నావో ఒక్క ముక్క రాయలేదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశంలో 1971 నాటి సంపుటం అచ్చంగా చేనేత మాటలకే. అంతటి పండితులు నేతగాళ్ల నోటి మాటను ప్రమాణమనుకున్నారు. నువ్వేమో ఇంట్లో ఉన్న నేతగాణ్ణి అర్థం కానివాళ్ల ఖాతాలో జమకట్టావు.

ఆ ‘ఏదో’ ఆయన నోటికి అందించింది ఎవరు? నువ్వే. ‘ఎక్కడికెళ్లావు’ని విడగొట్టాలంటే ‘ఎక్కడికి’ చివర ఎగిరిపోయిన ఇకారాన్నీ, ‘వెళ్లావు’లో జారిపోయిన వకారాన్నీ వెనక్కి తేవాలి నాన్నా, తప్పు చోట కోస్తే మాట పాడవుతుంది, అని చెప్పి చూడు. చిక్కుపడ్డ పోగును తెగకుండా విడదీయడం నీకన్నా ఆయనకే బాగా తెలుసు. రెండు నిమిషాల మాట. ఐదేళ్లలో వీలు కాలేదా?

నిష్ఠూరమైనా సరే అంటాను: తండ్రి రెక్కల కష్టం మీద చదువుకుని, ఆ తండ్రినే చదువు గుమ్మం బయట నిలబెట్టడం నాకు నచ్చదు. నామోషీ అని నువ్వు ఒప్పుకోవు, నాకు మాత్రం ఉత్తరంలో అదే వాసన కొట్టింది.

వచ్చే ఆదివారం ఇంటికెళ్లు. ఫోన్ జేబులోనే ఉండనీ, రికార్డు చేయకు. నూలు చుట్టిన కండెలు అందిస్తూ కూర్చో. ఆయన తనంతట తాను నీ పని గురించి అడిగితే మాత్రం, ‘అది వేరేలే నాన్నా’ అనకు.